రాజీనామా మాత్రం రాసివ్వొద్దు

బట్టల షాపులో సేల్స్‌లో ఉన్నాను, కడుపుతో ఉన్నాను, ఐదో నెల, మానేయమంటున్నారు, చట్టం కాపాడుతుందా అని అడిగారు. మీ చేత్తో మీరు రాజీనామా రాయనంత వరకు కాపాడుతుంది.

తీసేశామని వాళ్లు కాగితం ఇవ్వరు. కడపలో నేను పని చేసిన షాపులోనూ ఇవ్వలేదు. రంజాన్ సీజన్ మొదలవుతోంది, వై.వి. స్ట్రీట్‌లో కాలు పెట్టే సందు లేదు. మేనేజరు నన్ను గోడౌన్ పక్కకు పిలిచి తెల్లకాగితం, పెన్ను చేతికిచ్చాడు. "పాపా, నీ మంచికే చెప్తాండా. సొంత పనుల వల్ల మానుకుంటాండానని రెండు ముక్కలు రాసియ్యి. కాన్పయినాక నీ సీటు నీకే" అన్నాడు.

సీటట! ఆడపిల్లలు కూర్చోడానికి ఆ షాపులో ఒక్క స్టూలు లేదు. కేరళ 2018లో, తమిళనాడు 2021లో షాపుల్లో కూర్చునే హక్కును చట్టంలోనే పెట్టాయి. మన ఓనర్లకు మాత్రం సేల్స్ పిల్ల కూర్చుంటే బేరం పోయినట్టే. పైగా సీమంతం చీరలకు వేరే సెక్షన్ పెట్టి అమ్ముకుంటారు, కడుపుతో ఉన్న మనిషి కౌంటర్లో నిలబడితే మాత్రం కస్టమర్లకు బాగుండదంట.

"ఇంట్లో అడిగి రాస్తా సార్" అని ఆ కాగితం మడిచి బ్యాగులో వేసుకున్నాను. దాని మీదే ప్రసూతి సెలవు కావాలని, ఫలానా తేదీ నుంచి రానని రాసి, అక్నాలెడ్జ్‌మెంట్ పెట్టి పోస్టులో పంపాను. ఆ తర్వాత మేనేజరు నా మొహం చూసి మాట్లాడితే ఒట్టు. కానీ మానేయమనే మాట మళ్లీ ఎత్తలేదు.

ఈ ఓనర్ల ఏడుపు నాకు అర్థం కాదు. మీ నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ప్రభుత్వ బీమా, కడుతుంటే సెలవు డబ్బు ఇచ్చేది ఈఎస్ఐ, ఓనరు జేబులోంచి పోయేదేం లేదు. ఈఎస్ఐ లేకపోయినా, పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే షాపు అయితే, ప్రసవానికి ముందు ఏడాదిలో మీరు 80 రోజులు పనిచేసి ఉంటే ఓనరే ఇవ్వాలి. 1961 నాటి ప్రసూతి చట్టాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకు సెలవు 26 వారాలు చేశారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ అంతే. సెలవులో ఉండగా తీసేయడం నేరం. కడుపుతో ఉండగా తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టడానికి లేదు, 60 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు.

గంటల తరబడి నిలబెట్టడం గురించి కూడా చట్టంలో ఉంది. ప్రసవానికి ముందు ఆరు వారాలు, దానికి ముందు ఇంకో నెల, మీరు అడిగితే అలాంటి పని చెప్పకూడదు. అడగాలి, అదీ రాతలో. నోటిమాటగా అడిగితే "చూద్దాంలే పాపా" అంటారు.

రేపే వెళ్లి మీ ఈఎస్ఐ నంబరు కనుక్కోండి. జీతంలో కోత పడుతుంటే నంబరు ఉండి తీరాలి.