కొత్త సాఫ్ట్‌వేర్ ఉన్నా పాత పుస్తకమే ఎందుకు నడుస్తోంది?

రెండు రాష్ట్రాల్లో గోదాములున్న మీ వ్యాపారానికి కొనుగోలు నుంచి బిల్లు దాకా అన్నీ ఒకేచోట నడిపే సాఫ్ట్‌వేర్ తీసుకున్నామనీ, శిక్షణ కూడా ఇప్పించామనీ, అయినా సిబ్బంది పాత పుస్తకంలోనే రాసుకుని సాయంత్రం తీరిక దొరికితే కంప్యూటరులో ఎక్కిస్తున్నారనీ రాశారు. సాఫ్ట్‌వేర్ మార్చాలా, మనుషులను మార్చాలా అని అడిగారు. నేను ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపార సంస్థలో లెక్కలు చూస్తాను. సరిహద్దుకు అవతల ఆంధ్రప్రదేశ్‌లోని పాతపట్నంలో మాకు ఇంకొక గోదాము ఉంది. నా అనుభవంలో ఆ రెండింటిలో ఏదీ మార్చనక్కరలేదు. ఏ అంకెకు ఎవరు జవాబుదారీ అనే ఏర్పాటును మార్చాలి, అది యజమాని తప్ప మరొకరు చేయగలిగిన పని కాదు.

మా దగ్గర చిక్కంతా తరుగుతో మొదలైంది. జీడిపిక్కలను 80 కిలోల బస్తాల లెక్కన కొంటాము. సీజనులో వచ్చే కొత్త పిక్కలో తేమ ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆరబెట్టి గోదాముకు చేర్చేసరికే బరువు తగ్గుతుంది. తరవాత ఉడికించి, కోసి, వేడిగదిలో ఆరబెట్టి, పొట్టు తీసి, గుండ్లు, బద్దలు, ముక్కలుగా వేరుచేసే ప్రతి దశలోనూ మరికొంత పోతుంది. పుస్తకం రోజుల్లో గోదాము గుమస్తా ఈ తరుగును తన అనుభవం మీద సర్దుకునేవారు, యజమాని ఆయన మాట నమ్మేవారు. సాఫ్ట్‌వేర్ వచ్చాక కొన్న బరువుకూ ఉన్న బరువుకూ మధ్య తేడా ప్రతిరోజూ కొరత అనే పేరుతో తెర మీద కనిపించసాగింది. ఎంత తరుగు న్యాయమో ఎవరూ నిర్ణయించకుండానే ఆ కొరతకు సంజాయిషీ మాత్రం గుమస్తాను అడిగారు. దాంతో ఆయన తూకంలో వచ్చిన బరువును వదిలి, తేడా రాని బరువును ఎక్కించడం మొదలుపెట్టారు. నిజం ఎక్కిస్తే మాట పడేది తానొక్కరే అయినప్పుడు ఏ మనిషైనా అదే చేస్తారు, దానికి ఎన్ని శిక్షణలు ఇచ్చినా ఫలితం ఉండదు.

చివరకు యజమాని, గుమస్తా, బాయిలరు దగ్గర మేస్త్రి, నేను కలిసి కూర్చుని, పాత పుస్తకాలు ముందు పెట్టుకుని, ఒక్కొక్క దశకు అనుమతించే తరుగు ఎంతో కాగితం మీద ఖాయం చేశాము. ఆ హద్దులోపల వచ్చిన తేడాకు ఎవరినీ ప్రశ్నించకూడదని యజమాని స్వయంగా చెప్పారు. ఆ తరవాతే తెర మీది నిల్వ, గోదాములోని నిల్వ దగ్గరపడ్డాయి. సమాచార వ్యవస్థల జయాపజయాలను కొలిచేందుకు డిలోన్, మెక్‌లీన్ అనే పరిశోధకులు 1992లో ప్రతిపాదించిన నమూనాలో వ్యవస్థ నాణ్యతను, సమాచార నాణ్యతను వేరువేరు అంశాలుగా లెక్కిస్తారు. ఈ విభజన ఎంత అవసరమో నాకు తరుగు గొడవలోనే అర్థమైంది. సాఫ్ట్‌వేర్ అమ్మిన సంస్థ మొదటిదానికి మాత్రమే పూచీ పడగలదు, రెండవది పూర్తిగా మన ఇంటి పని.

మీ దగ్గర గట్టిగా వ్యతిరేకిస్తున్నవారు ఎవరో, పుస్తకం పోతే వారి చేతిలోంచి ఏమి పోతుందో ఆలోచించండి. లిన్ మార్కస్ అనే పరిశోధకురాలు 1983లో ప్రచురించిన వ్యాసంలో ఒక సంస్థను పరిశీలించి, కొత్త ఆర్థిక సమాచార వ్యవస్థ విభాగాల లెక్కల మీద కేంద్ర కార్యాలయానికి నేరుగా పట్టు ఇచ్చినందువల్లనే విభాగాల అకౌంటెంట్లు దానిని ప్రతిఘటించారని చూపారు. మా దగ్గర పప్పు ఒలిచే ఆడవారికి కిలోల లెక్కన కూలి ఇస్తారు. ఎవరు ఎంత ఒలిచారో, ఎవరు ఎంత ముందుగా తీసుకున్నారో ఆ పని చూసే మేస్త్రి పుస్తకానికే తెలుసు, ఆయన మాటకు అక్కడ ఉన్న బలమంతా అదే. తూకం పూర్తికాగానే అచ్చయిన చీటీ చేతికి ఇవ్వడం మొదలయ్యాక ఆ ఆడవారే చీటీ లేకుండా తూకం ఒప్పుకోము అన్నారు. ఆ మేస్త్రిని తీసివేయలేదు, పప్పు రకం తనిఖీ చేసే బాధ్యతను గౌరవంగా అప్పగించారు. నష్టపోయేవారికి మరొక స్థానం చూపకుండా పుస్తకం లాక్కుంటే వ్యవస్థ కుంటుతూనే ఉంటుంది.

సరిహద్దు విషయం వేరుగా చెప్పాలి. జీఎస్టీ 2017 జులై 1న వచ్చినప్పటి నుంచి ఒడిశాలో 21తో, ఆంధ్రప్రదేశ్‌లో 37తో మొదలయ్యే వేరువేరు నమోదు సంఖ్యలు మాకు ఉన్నాయి. మన గోదాము నుంచి మన గోదాముకే సరుకు వెళ్లినా చట్టం దానిని సరఫరాగా చూస్తుంది, ఐజీఎస్టీతో, అంటే రాష్ట్రాల మధ్య సరఫరాకు వేసే జీఎస్టీతో బిల్లు వేయాలి, విలువ 50,000 రూపాయలు దాటితే సరుకు కదిలేముందే ఆన్‌లైన్‌లో తీసుకునే రవాణా పత్రమైన ఈ-వే బిల్లు కూడా కావాలి. రైతు దగ్గర కొన్న పిక్కకు పన్ను కట్టవలసినది కొన్న మనమే. అందువల్ల సాయంత్రం తీరిక చూసుకుని ఎక్కించే పద్ధతి ఇక్కడ సాగదు. మొదట్లో బిల్లు వేసే అధికారం ప్రధాన కార్యాలయానికి మాత్రమే ఉండడంతో గోదాము వారు ఫోను చేసి ఎదురుచూసేవారు, లారీ నిలిచిపోయేది. సరుకు పంపేవారే బిల్లు వేసేలా అధికారం ఇచ్చాక ఆ ఆలస్యం పోయింది. సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క రకానికి ఇచ్చే సరుకు కోడును కొత్తగా తెరిచే అధికారాన్ని మాత్రం ఒక్కరి దగ్గరే ఉంచండి, లేకపోతే ఒకే రకానికి రెండు గోదాముల్లో రెండు కోడ్లు పుడతాయి.

యజమాని ఇప్పటికీ నిల్వ ఎంతో ఫోనులో గుమస్తానే అడుగుతున్నట్లయితే సిబ్బంది పుస్తకాన్ని వదలరు. మా యజమాని ఉదయం ధర చెప్పే ముందు తెర మీది నిల్వనే చూడడం మొదలుపెట్టాక, అక్కడ అంకె లేకపోతే బేరం ఆగిపోతుందని అందరికీ తెలిసింది.

మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తేదీని జాగ్రత్తగా ఎంచుకోండి. 1999లో అమెరికా మిఠాయి సంస్థ హెర్షీ తన కొత్త వ్యవస్థను అక్టోబరు చివర మిఠాయిలు బాగా అమ్ముడయ్యే హాలోవీన్ పండుగ అమ్మకాల ముందు ప్రారంభించి, సరుకు ఉండి కూడా దాదాపు 10 కోట్ల డాలర్ల ఆర్డర్లను వేళకు పంపలేకపోయింది. మా వంటి అకౌంటెంట్లు లెక్కల సౌకర్యం కోసం ఏప్రిల్ 1 కావాలని అంటారు, కాని జీడి వ్యాపారంలో అది కొనుగోళ్లు ముమ్మరమయ్యే సమయం. మీ సరుకు కొనుగోళ్లు ఏ నెలలో సద్దుమణుగుతాయో చూసి ఆ తరవాతి నెల మొదటి తేదీని ఖాయం చేసుకోండి. ముందురోజు రెండు గోదాముల్లోనూ నిల్వ అంతా ఒకేసారి తూయించండి. ఒకచోట తూకం దగ్గర మీరే నిలబడండి, రెండవచోట మీ తరఫున సంతకం చేయగలవారిని నిలబెట్టండి.