ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరడం లేదు, సెన్సర్ మార్చాల్సిందేనా?

తొందరపడి సెన్సర్ కొనకండి, ముందు కోడ్ (లోపం ఎక్కడుందో కారు కంప్యూటర్ రాసిపెట్టుకునే గుర్తు) స్కానర్‌తో చదివించండి. పాలకొల్లులో సెకండ్‌హ్యాండ్ కారు కొన్నానని, నెల తిరక్కుండానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి అలాగే ఉండిపోయిందని, స్టీరింగ్ తిప్పేటప్పుడు ఒక్కోసారి హారన్ కూడా మోగట్లేదని రాశారు. హారన్ సంగతి మాటవరసకి చెప్పారు గానీ, అసలు గుట్టు అక్కడే ఉందని నా అనుమానం. స్టీరింగ్ లోపల చుట్టలా చుట్టిన పల్చటి రిబ్బన్ కేబుల్ ఉంటుంది, మెకానిక్‌లు క్లాక్ స్ప్రింగ్ అంటారు. హారన్‌కీ, డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్‌కీ కరెంటు దాని గుండానే వెళ్తుంది. అది తెగితే రెండూ కలిసే మొరాయిస్తాయి.

నా కారుకి వచ్చింది వేరే రోగం. రాజోలు దగ్గర మా తోటలో దింపు తీయించి, ముందు సీటు జరిపి, కొబ్బరికాయల బస్తాలు వెనక కుక్కాం. మూడో రోజుకి లైటు వెలిగింది. సర్వీస్ సెంటర్‌లో ఎయిర్‌బ్యాగ్‌లని నడిపే కంట్రోల్ యూనిట్ మొత్తం మార్చాలన్నారు. రేటు వింటే గుండె గుభేలుమంది. రావులపాలెంలో తెలిసిన ఎలక్ట్రీషియన్ స్కానర్ పెట్టి చూసి, ఎడమ సీటు సైడ్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువ చూపిస్తోందన్నాడు. బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగి, సీటు కింద పసుపు రంగు కప్లర్ (వైర్లు కలిపే ప్లగ్గు) విప్పి నా చేతికే ఇచ్చాడు. పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుము! వానాకాలం తడి మ్యాట్లు, పైగా మా వైపు ఉప్పుగాలి. బస్తాల ఒరిపిడికి కాస్త వదులైంది కూడా. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, టక్కుమనేదాకా నొక్కి, కోడ్ చెరిపేశాడు. లైటు మళ్ళీ రాలేదు.

ఫోనుకి కలిపే చవక బ్లూటూత్ స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చదువుతాయి. ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు మామూలుగా 'బి'తో మొదలవుతాయి. అవి చదివే స్కానర్ ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళండి.

మీరే సీటు కింద చెయ్యి పెట్టేట్టయితే, కీ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి ఓ 10 నిమిషాలు ఆగండి. బ్యాటరీ తీసినా, బ్యాగ్‌ని పేల్చేంత కరెంటు యూనిట్‌లోని కెపాసిటర్లలో కాసేపు నిలవ ఉంటుంది. మల్టీమీటర్ పిన్నులు ఎయిర్‌బ్యాగ్‌కి నేరుగా పెట్టారో, ఆ కొద్ది కరెంటుకే పేలొచ్చు. స్టీరింగ్ బ్యాగ్ జోలికి మాత్రం మీరు పోవద్దు.

ఎయిర్‌బ్యాగ్‌కి బదులు చిన్న రెసిస్టర్ పెట్టి లైటు ఆర్పేస్తామనేవాళ్ళు కూడా ఉంటారు. అది యూనిట్ కళ్ళకి గంతలు కట్టడమే, గుద్దుకున్నప్పుడు ఆ బ్యాగ్ తెరుచుకోదు. లైటు వెలుగుతున్నా తెరుచుకుంటుందన్న నమ్మకం లేదు కాబట్టి ఈ పని నానబెట్టకండి.

కొన్నది సెకండ్‌హ్యాండ్ అన్నారు కదా, కార్పెట్ ఓ మూల ఎత్తి చూడండి. 2022 జూలై గోదావరి వరదకి లంకల్లో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మీకు తెలిసిందే. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ యూనిట్ గేరు రాడ్ దగ్గర, ఫ్లోరు మీదే ఉంటుంది. అక్కడ ఒండ్రు కనిపించిందంటే క్లీనర్ కొట్టి లాభం లేదు, యూనిట్ మార్చాల్సిందే.

ఒండ్రు లేకపోయి, కోడ్ డ్రైవర్ బ్యాగ్ సర్క్యూట్ చూపిస్తే క్లాక్ స్ప్రింగే వేయించండి. వేసేటప్పుడు చక్రాలు తిన్నగా ఉంచి, కొత్త స్ప్రింగ్‌ని సరిగ్గా మధ్యకి తెచ్చి బిగించమని దగ్గరుండి చెప్పండి. ఓ పక్కకి తిరిగి ఉండగా బిగిస్తే, ఫుల్ టర్న్ కొట్టిన మొదటి రోజే కొత్తదీ తెగుతుంది.