సైకియాట్రీ వార్డులో అటెండెంట్ ఉద్యోగం: పేషెంట్లు కొడతారని భయపడుతున్న తమ్ముడికి

ఇంటర్ ఒకేషనల్‌లో హెల్త్ వర్కర్ కోర్సు చదివానని, కాకినాడలో ఒక హాస్పిటల్ వాళ్ళు సైకియాట్రీ వార్డులో అటెండెంట్‌గా రమ్మంటున్నారని, పేషెంట్లు కొడతారని ఇంట్లో వద్దంటున్నారని రాశావు తమ్ముడూ. నేను కాకినాడలోనే అలాంటి వార్డులో 9 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా అమ్మ కూడా మొదట్లో ఇదే మాట అంది.

ముందు దెబ్బల సంగతి. ఇన్నేళ్ళలో రెండుసార్లు తిన్నాను. ఒకసారి వెనక నుంచి వెళ్ళి పేషెంట్ భుజం పట్టుకున్నాను. ఇంకోసారి ఒకాయన బయటికి వెళ్దామని చూస్తుంటే గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. రెండుసార్లూ తప్పు నాదే. మనిషికి కోపం వచ్చేముందు చాలాసార్లు తెలిసిపోతుంది: అటూ ఇటూ తిరుగుతాడు, పిడికిలి బిగిస్తాడు, గొంతు పెరుగుతుంది. అప్పుడు చేతికి అందనంత దూరంలో ఉండి, దారి వదిలి, నెమ్మదిగా మాట్లాడుతూ ఇంకొకరిని పిలవాలి. కట్టెయ్యడం మన ఇష్టంతో చేసే పని కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వెయ్యడాన్ని పూర్తిగా నిషేధించింది. కదలకుండా పట్టి ఉంచాలన్నా వేరే దారి లేనప్పుడే, సైకియాట్రిస్ట్ అనుమతితో, కేస్ షీట్‌లో కారణం రాసి చెయ్యాలి.

నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వనిది వేరే విషయం. చేరిన కొత్తలో డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు ఉండేవాడు. సిస్టర్ మాత్రలు ఇస్తుంది, మింగాడో లేదో చూడటం నా పని. నీళ్ళు తాగి "అయిపోయిందన్నా" అనేవాడు, నేను తలూపి పక్క మంచానికి వెళ్ళిపోయేవాణ్ణి. వారం తర్వాత గలీబు మారుస్తుంటే 11 మాత్రలు రాలాయి. సగం కరిగి, రంగు పోయి, ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. అప్పటికే మందు పనిచెయ్యడం లేదనుకుని డాక్టర్ గారు డోసు పెంచారు. ఆ రోజు నుంచి మాత్ర వేసుకున్నాక నోరు తెరిపించి, నాలుక ఎత్తమని, మరో రెండు నిమిషాలు అక్కడే కూర్చుని కబుర్లు చెబుతాను. అనుమానిస్తున్నట్టు కాకుండా అడగడం నేర్చుకోవాలి, దానికి టైమ్ పడుతుంది. పేషెంట్లు తమకి తాము హాని చేసుకోకుండా బాత్రూమ్ గడియ, ఛార్జర్ వైరు, నాడా కూడా మన కంట్లో ఉండాలి. మొలతాడు, తాయెత్తు కూడా అంతే. తాయెత్తు తీసేటప్పుడు మాత్రం విసురుగా తెంపకు. గాలి సోకిందని ఎక్కడెక్కడో తిప్పి, ఉన్న డబ్బంతా పోసి కట్టించిన తాయెత్తు అది. పేషెంట్ తల్లి చేతికే ఇచ్చి దాచమను.

తాగుడు మానిపించడానికి వచ్చేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. చివరిసారి తాగిన రెండు, మూడు రోజులకి కొందరికి ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికి, లేనివి కనిపిస్తాయి. కొబ్బరి దింపు తీసే పెద్దాయన ఒకాయన మూడో రాత్రి మంచం మీద లేచి కూర్చుని, కాళ్ళకి తాడు చుట్టుకుంటున్నట్టు చేతులు తిప్పుతున్నాడు. ముడి వేశాడు, లాగి చూసుకున్నాడు, కిటికీ ఊచలు పట్టుకుని ఎక్కబోయాడు. "చెట్టు లేదు, ఏమీ లేదు, పడుకో" అని నేను గట్టిగా అన్నాను. ఆయన ఇంకా బెదిరిపోయాడు. సిస్టర్ వచ్చి లైటు వేసి, ఆయన్ని పేరు పెట్టి పిలిచి, "బాబాయ్ గారూ, ఇది హాస్పిటలండి, నేను సిస్టర్‌ని, మీ అబ్బాయి ఇదిగో" అని నెమ్మదిగా మళ్ళీ మళ్ళీ చెప్పింది. డాక్టర్ గారు వచ్చి ఇంజక్షన్ ఇచ్చేదాకా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. తాటి మట్టలా గరుకుగా ఉంది. అలాంటి వణుకూ చెమటా కనబడితే తెల్లారేదాకా ఆగకు, వెంటనే చెప్పు. ప్రాణం మీదికి వస్తుంది.

ఇంకో ముఖ్యమైన మాట. మన కోనసీమలో "మీదే ఊరండి?" అని రెండు ప్రశ్నలు వేస్తే చుట్టరికం బయటపడుతుంది. తెలిసినవాళ్ళు చూస్తారనే కదా, రాజోలు వాళ్ళు అమలాపురంలో చూపించుకోకుండా ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ దాకా వచ్చేది! మా ఊరి అమ్మాయి ఒకామె మా దగ్గరే చేరింది. మా అమ్మకి కూడా చెప్పలేదు నేను. సంతలో ఎదురైతే ఆమె పలకరిస్తేనే పలకరిస్తాను. మన నోరు జారితే ఒక పెళ్ళి సంబంధం తప్పిపోతుంది, ఆ భయంతో ఇంకో కుటుంబం అసలు రానే రాదు. ఎవరైనా విడిగా వచ్చి మావాళ్ళకీ ఇలా ఉందని అడిగితే మానసిక సమస్యలకి ప్రభుత్వం నడిపే ఫోన్ హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416 ఇవ్వు. తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

జీతం తక్కువే, నైట్ డ్యూటీలు ఒళ్ళు గుల్ల చేస్తాయి. అయినా నీకు ఓపిగ్గా వినే గుణం ఉంటే చేరు. చేరేముందు మాత్రం రాత్రిపూట వార్డులో ఎంతమంది ఉంటారో, పిలిస్తే డాక్టర్ ఎంతసేపట్లో వస్తారో అడుగు. రాత్రి నిన్నొక్కణ్ణే ఉంచుతామంటే ఒప్పుకోకు.