పాత బండి కొనే ముందు ఒక మాట అల్లుడూ

అల్లుడూ, కొందామనుకుంటున్నానని నువ్వు పంపిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఫోటో చూశాను. బాగా మెరుస్తోంది, నా అనుమానమంతా అక్కడే. ఆ మోడల్ 1985లో వచ్చి 1996లో ఆగిపోయింది, పెయింటూ స్టిక్కర్లూ ఎవరైనా వేయిస్తారు. నువ్వు చూడాల్సింది స్టీరింగ్ దగ్గర పంచ్ కొట్టిన ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు. గుడ్డతో తుడిచి, ఆర్‌సీ పక్కన పెట్టుకుని అంకె అంకె చూడు, ఎందుకంటే ఆర్‌ఎక్స్ 135 ఇంజిన్ ఎక్కించి 100 అని అంటగట్టేవాళ్లున్నారు. పదిహేనేళ్ల తర్వాత ఆర్‌సీ రెన్యువల్ చేయించారా, చెన్నైదో బెంగళూరుదో అయితే అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ఉందా అడుగు. "పేపర్లదేముందన్నా, తర్వాత చూసుకుందాం" అని అమ్మేవాడు అన్నాడా, ఇంక టీ కూడా తాగకుండా వచ్చేయ్.

పొద్దున్నే, ఫోన్ చేయకుండా వెళ్లు. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టు. వేడిగా ఉంటే నీకోసం ముందే స్టార్ట్ చేసి పెట్టినట్టే, చల్లగా ఉన్న బండి ఎన్ని కిక్కులకు లేస్తుందో నీకు తెలియనివ్వడు.

నన్నడిగితే బుల్లెట్ కొను. నా పక్షపాతం నాకుంది, వయసులో ఉండగా చంద్రగిరి రోడ్డు మీద పాత 350 నడిపినవాణ్ని, దుకాణాల్లో వాళ్లు చప్పుడు విని మేమొస్తున్నామని చెప్పేవాళ్లు. పాతవాటికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి, నీలాంటివాడు కంగారులో బ్రేకనుకుని గేరు తొక్కుతాడు, కాబట్టి మొదట ఖాళీ గ్రౌండులో అలవాటు చేసుకో. కిక్ కొట్టడం బలంతో అయ్యే పని కాదు. తాళం తిప్పి, కిక్ మెల్లగా నొక్కుతూ ఆమ్మీటర్ (కరెంటు చూపే చిన్న మీటరు) ముల్లు చూడు. ముల్లు మధ్యకొచ్చి కాలికి గట్టిగా తగిలిన చోట ఆగి, ఇంజిన్ లోపలి ఒత్తిడి వదిలే డీకంప్రెషర్ లివరు పట్టి ఇంకొంచెం మాత్రం కిందికి దించు, లివరు వదిలి, కిక్ పైకి తెచ్చి ఇప్పుడు నిండుగా ఒక్కటి తొక్కు. ఇదంతా వదిలేసి ఊరికే మీద పడి తన్నావంటే కిక్ వెనక్కి తంతుంది, చీలమండ వాచి కూర్చుంటావు.

యెజ్డీ దొరికితే అదీ మంచి బండే, మైసూరు సరుకు. కిక్కూ గేరూ ఒకే రాడ్డు, లోపలికి నొక్కి పైకి తిప్పితే కిక్ అవుతుంది. కానీ ఘాట్ దిగేటప్పుడు జాగ్రత్త. తిరుమల నుంచి దిగేది 1944 నాటి పాత ఘాట్‌లో కదా, మలుపు మీద మలుపు. యెజ్డీలాగా పెట్రోల్లో ఆయిల్ కలిపి పోసే బండికి యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్లో అలాగే దిగితే ఇంజిన్‌కు పెట్రోలుతో పాటు ఆయిలూ అందదు, పిస్టన్ పట్టేస్తుంది. మధ్యమధ్యలో కాస్త రేజ్ ఇస్తుండు. డ్రమ్ బ్రేకు అదేపనిగా నొక్కి పట్టుకున్నా వేడెక్కి పట్టు పోతుంది, కాబట్టి పైనుంచే నెమ్మదిగా దిగడం మొదలుపెట్టు. భాకరాపేట ఘాట్‌లో కూడా అంతే.

ఇప్పుడొచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. పాత రబ్బరు పైపులూ కార్బురేటర్ వాషర్లూ దానికి ఉబ్బి చీలిపోతాయి, పైగా అది తేమ పీల్చి ట్యాంకు లోపల తుప్పు పట్టిస్తుంది. కొత్త పైపులు వేయించు. వారాల తరబడి తీయకపోతే ట్యాంకు కింది పెట్రోలు కాక్ (కుళాయి) మూసి, కార్బురేటర్ ఖాళీ చేసి పెట్టు.

అన్నిటికంటే ముందు మెకానిక్‌ను వెతుక్కో, బండిని తర్వాత చూద్దాం. పాత బండ్లలో స్పార్క్ టైమింగ్ చూసే పాయింట్లు సెట్ చేయడం తెలిసిన ముసలి మేస్త్రీలు తిరుపతిలో ఇంకా ఉన్నారు, కానీ కుర్రాళ్లకు కంప్యూటర్ తగిలిస్తే తప్ప బండి అర్థం కాదు. అలాంటి మేస్త్రీ ఒకాయన దగ్గర కూర్చుని చూడు, అడుగు, స్పానర్లు అందివ్వు. నీ బండి విప్పే రోజున ఆయన పక్కన నువ్వు లేకపోతే ఏ పార్టు మార్చాడో నీకు తెలియదు.

మీ అమ్మకు నేను చెప్తాలే. ఆదివారం ఖాళీగా ఉంటే నన్నూ తీసుకెళ్లు, ఆ ఆర్‌ఎక్స్ కూడా ఒకసారి చూసొద్దాం, కానీ ఫోన్ చేయకుండానే.