వ్యాయామానికి పరుగు కంటే నడకే ఎందుకు?

రోజూ అరగంట టైమ్ దొరుకుతుంది, పరుగెత్తాలా నడవాలా, మా ఆఫీసులో అందరూ నడక అసలు వ్యాయామమే కాదంటున్నారు అని మీరు అడిగారు. నా ఓటు నడకకే. కొన్నేళ్లు పరుగెత్తిన తర్వాతే ఈ మాట చెబుతున్నాను.

పరుగుకి ఇవ్వాల్సిన మార్కులు ముందు ఇచ్చేద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం కానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర వ్యాయామం కానీ చేయమంటుంది. వేగంగా నడవడం మొదటి రకం, పరుగు రెండోది. అంటే పరుగుతో సగం టైమ్‌లో పని అయిపోతుంది. ఒకే దూరానికి కేలరీలూ పరుగులోనే ఎక్కువ ఖర్చవుతాయి. పరుగెడితే మోకాళ్లు అరిగిపోతాయన్న భయం కూడా మితంగా పరుగెత్తేవాళ్ల విషయంలో సరైంది కాదు.

మరి నడకే ఎందుకంటే, ఆ అలవాటు మధ్యలో తెగిపోదు. నడిచేటప్పుడు ఎప్పుడూ ఒక పాదం నేల మీదే ఉంటుంది. పరుగులో రెండూ గాల్లోకి లేస్తాయి, దిగిన ప్రతిసారీ ఒంటి బరువుకి రెండు మూడు రెట్ల ఒత్తిడి కాలి మీద పడుతుంది. నలభై దాటాక, కాస్త బరువున్న మనిషి ఒక్కసారిగా మొదలుపెడితే మడమో పిక్కో పట్టేస్తుంది. వారం ఆగుతాం. ఆ వారం నెలవుతుంది. మాది విశాఖ. ఏప్రిల్, మే నెలల్లో ఈ ఉక్కలో పొద్దున్నే పరుగెత్తి వస్తే నాకు మధ్యాహ్నానికే నీరసం వచ్చేసేది, మర్నాడు విశ్రాంతి తప్పేది కాదు. నడకకి ఆ గొడవ లేదు.

ఇంకో లాభం అమ్మ నాతో రావడం. ఆమెకు షుగర్ ఉంది. ఆర్కే బీచ్ రోడ్డులో పొద్దున పూట కాసేపు వాహనాలను రానివ్వరు కాబట్టి హారన్ల టెన్షన్ ఉండదు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి వెళ్తాం. దారంతా ముందు రోజు సీరియల్ కథ చెబుతూనే ఉంటుంది. కథ మధ్యలో మాట తెగి, "ఉండరా" అందంటే వేగం ఎక్కువైనట్టు, తగ్గిస్తాను. డాక్టర్లు చెప్పే కొలతా ఇదే: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి నేను ఇంకో చుట్టు జోరుగా కొట్టి వస్తాను. రాత్రి భోజనమయ్యాక వీధిలో పావుగంట తిరుగుతాం. తిన్న వెంటనే కాళ్ల కండరాలు కదిలితే రక్తంలో చక్కెరను అవి వాడుకుంటాయి. అలా తిరిగిన రోజు అమ్మ రీడింగ్ తక్కువే వస్తుంది.

నడకలో దమ్ము లేదనేవాళ్లు ఒక్కసారి సింహాచలం గిరి ప్రదక్షిణకు రావాలి. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. చాలామంది చెప్పుల్లేకుండానే నడుస్తారు. వాన పడితే తారు రోడ్డు మీద నానిన అరికాళ్లకు చిన్న గులకరాయి కూడా ముల్లులా తగులుతుంది. దారి పొడవునా మజ్జిగ, పులిహోర చేతికిస్తూనే ఉంటారు. అరవై దాటిన ఆడవాళ్లు రాత్రంతా అప్పన్న పేరు తలుచుకుంటూ ఆగకుండా నడవడం కళ్లారా చూశాను. నడక చిన్న వ్యాయామమని అప్పట్నుంచీ ఎవరన్నా ఒప్పుకోను.

ఇక మీ అరగంట. షికారులా కాదు, నిమిషానికి కనీసం వంద అడుగులు పడేలా నడవండి. అలవాటయ్యాక మూడు నిమిషాలు జోరుగా, మూడు నిమిషాలు మామూలుగా మార్చి మార్చి నడవండి. జపాన్‌లో షిన్షు విశ్వవిద్యాలయం వాళ్లు పెద్ద వయసువాళ్ల చేత ఇలాగే నడిపించి మంచి ఫలితాలు చూశారు. పదివేల అడుగుల లెక్క పట్టుకుని కంగారుపడకండి, అది 1960లలో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల మీటర్ పేరు నుంచి వచ్చిన అంకె. మోకాళ్ల నొప్పి, గుండె జబ్బు ఉంటే మాత్రం డాక్టర్‌ని అడిగాకే వేగం పెంచండి.