ఎన్నారై సందేహాలు: ఇంట్లోనే బడి నడిపే క్రైస్తవ తల్లికి విశ్రాంతి ఎక్కడ?

చెల్లెమ్మా, వందనాలు. హనుమకొండ నుంచి డల్లాస్ ప్రాంతానికి వచ్చి ఏడాది నిండకముందే ఇద్దరు పిల్లలకు ఇంట్లోనే చదువు మొదలుపెట్టాననీ, ఇప్పుడు బైబిలు తెరిస్తే నిద్ర ముంచుకొస్తున్నదనీ, ప్రార్థనకు కూర్చుంటే మాట రావడం లేదనీ రాశారు. ఇది విశ్వాసం సన్నగిల్లడమేనా అని అడిగారు. అలా అనుకోవద్దు. మీ చుట్టూ మనుషులు లేకుండా పోయారు. నాకు తెలిసినంతలో అసలు కారణం అదే. ముగ్గురు పిల్లలను ఇంట్లోనే చదివించి, పెద్దవాణ్ణి మంచి కాలేజీకి పంపిన తల్లిగా ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

చట్టం సంగతి క్లుప్తంగా ముగిస్తాను. అమెరికాలోని 50 రాష్ట్రాలలోనూ హోమ్‌స్కూలింగ్ చట్టబద్ధమే. డల్లాస్ ఉన్న మీ టెక్సస్‌లో ఇంటి బడిని ప్రైవేటు బడిగా పరిగణించాలని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1994లో తేల్చింది. చదవడం, స్పెల్లింగ్, వ్యాకరణం, లెక్కలు, మంచి పౌరసత్వం, ఈ 5 విషయాలు నిజాయితీగా నేర్పాలి. న్యూయార్క్, పెన్సిల్వేనియా రాష్ట్రాలలో కాగితాల పని చాలా ఎక్కువ. జర్మనీకి బదిలీ అయ్యే అవకాశం ఉన్న కుటుంబాలైతే, అక్కడ పిల్లలను బడికి పంపక తప్పదని ముందే తెలుసుకోవాలి. మిగతా వివరాలు మీరే సరిచూసుకోండి, ఒక సాయంత్రం కూర్చుంటే తెలిసిపోతాయి. ఒంటరితనం గురించి మాత్రం ఏ ప్రభుత్వ కార్యాలయమూ ముందుగా చెప్పదు.

మేము వచ్చిన రోజుల్లో వీడియో కాల్ లేదు. ఫోన్ కార్డు కొని, దాని మీది అంకెలన్నీ నొక్కి, అమ్మ గొంతు వినిపించేసరికి సగం నిమిషాలు కరిగిపోయేవి. మీ తరానికి ఆ కష్టం లేదు, సంతోషం. కానీ నేను చేసిన పనులే మీరూ చేస్తున్నట్టు మీ ఉత్తరంలో కనిపిస్తున్నది కాబట్టి వివరంగా చెప్తాను. నేను చదువుకున్న వరంగల్ ప్రైవేటు బడిని అట్లాగే తెచ్చి మా అపార్టుమెంటు హాల్లో పెట్టాను. ఉదయం ప్రార్థన, గంటకో పీరియడు, శనివారం స్లిప్ టెస్టు. బైబిలు కూడా ఒక పీరియడే. వాక్యం అప్పజెప్తే మార్కులు. ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నం తిని కాపీలు దిద్దేదాన్ని, సోమవారం పాఠాలు సిద్ధం చేసుకునేదాన్ని. ఇంటి దగ్గర బంధువులు ‘పిల్లలను బడి మాన్పించి ఏం చేస్తున్నదట’ అంటారన్న భయం ఒకటి లోపల ఉండేది; వాళ్లకు చూపించడానికి నాకు మార్కులు కావాలి. ఆ భయంలో నేను నా కోసం బైబిలు తెరవడమే మానేశాను. ఏ అధ్యాయం చదివినా ఇందులో పిల్లలకు ఏ ప్రశ్న ఇవ్వొచ్చునా అని వెదికేదాన్నే తప్ప, దేవుడు నాతో ఏం మాట్లాడుతున్నాడని వినలేదు. ఒకనాడు పెద్దవాడు కీర్తన అప్పజెప్పలేక ఏడిస్తే, వాడి ముఖం కంటే ముందు నేను చూసింది మార్కుల పుస్తకాన్ని.

అదే కాలంలో మా వీధిలోని చర్చి ఆడవాళ్లు తమ కో-ఆప్‌కు రమ్మని పిలిచారు. వారానికి ఒక రోజు నాలుగైదు కుటుంబాలు కలుస్తాయి; ఒక తల్లి సైన్సు చెప్తే మరొకరు సంగీతం నేర్పుతారు. వాళ్ల ఇంగ్లీషు త్వరగా అర్థం కాక, మన పిల్లలు చదువులో వెనకబడతారేమోనని కూడా భయపడి, నేను వెళ్లలేదు. ఆ చలికాలమంతా మా ఆయనతో తప్ప మరో పెద్ద మనిషితో నోరారా మాట్లాడిన గుర్తు లేదు. ప్రార్థన ఎండిపోయింది ఆ నెలల్లోనే.

నిర్గమకాండము 18వ అధ్యాయం మీరు సండే స్కూల్లో చదివే ఉంటారు, ఇప్పుడు తల్లిగా మళ్లీ చదవండి. మోషే చేస్తున్నది దేవుని పనే. అయినా ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుని జనుల తగవులన్నీ తీరుస్తుంటే చూసి, దూరం నుంచి వచ్చిన మామ యిత్రో, ఈ పద్ధతి మంచిది కాదు, నీవూ నలిగిపోతావు, నీతో ఉన్న జనమూ నలిగిపోతారు అన్నాడు. అల్లుడి విశ్వాసాన్ని ఆయన శంకించలేదు, పని పంచుకొమ్మని మాత్రమే చెప్పాడు. డోర్నకల్ అధ్యక్ష మండలంలోని మా ఊళ్లో సాయంత్రం చర్చి గంట మోగితే మమ్మల్ని చేయి పట్టుకొని తీసుకెళ్లేది నాయనమ్మ. బంగారు వాక్యం నేర్పింది సండే స్కూల్ టీచరమ్మ. జ్వరం వస్తే ఇంటికొచ్చి ప్రార్థన చేసింది పాస్టరు అయ్యగారు. మా అమ్మ కలత పడితే కూర్చోబెట్టి మాట్లాడింది స్త్రీల సమాజం. అంతమంది మోసిన బరువును ఇక్కడ మీరు ఒక్కరే నెత్తికెత్తుకున్నారు. మోయలేకపోవడంలో ఆశ్చర్యం ఏమున్నది?

బైబిలు తెరిస్తే నిద్ర వస్తున్నదన్నారు, అయితే నిద్రపోండి. మొదటి రాజులు 19లో ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకొని చావు కోరుకున్నప్పుడు దేవుడు అతన్ని గద్దించలేదు. దూత తట్టి లేపి, రొట్టె, నీళ్లు చూపించాడు. అతడు తిని మళ్లీ పడుకున్నాడు. ‘నేను ఒక్కణ్ణే మిగిలాను’ అన్న అతని మాటకు జవాబు ఆ తర్వాత హోరేబు కొండ దగ్గర వచ్చింది: ఇంకా 7000 మంది ఉన్నారు, నీ వెంట ఎలీషా ఉంటాడు. ముందు అన్నం, నిద్ర, ఆ వెనక తోడు. నేను ఈ వరుసనే నమ్ముతాను.

చాలామంది కొత్తవాళ్లు తోడు కోసం ఫోన్‌ను నమ్ముకుంటున్నారు. హనుమకొండలో ఆదివారం ఉదయం 9 గంటల ఆరాధన మనకు శనివారం రాత్రి పదిన్నరకు, చలికాలంలో అయితే తొమ్మిదిన్నరకు వస్తుంది. అది చూసి, ఆరాధన అయిపోయిందనుకొని, ఆదివారం ఇంట్లోనే ఉండిపోయే కుటుంబాలు నాకు తెలుసు. ఆ ప్రసారం చూడొద్దని అనను, కానీ అందులోని వాళ్లెవరూ మీ పక్కన కూర్చోరు, మీ చిన్నదాన్ని ఎత్తుకోరు, మీ కళ్లు ఎర్రబడ్డాయని గమనించరు. తెలుగు సంఘం దూరమైతే దగ్గరలోని అమెరికన్ సంఘానికే వెళ్లండి. పాట తెలియకపోయినా ఫరవాలేదు.

ఇక బడి లెక్క. ఇక్కడి క్రైస్తవ హోమ్‌స్కూల్ కుటుంబాలు కొన్ని పాటించే పద్ధతి ఒకటున్నది: 6 వారాలు చదువు, 7వ వారం సెలవు. లేవీయకాండము 25లో భూమికి కూడా ఏడో ఏట విశ్రాంతి ఇమ్మన్నాడు కదా, దాని నుంచి తీసుకున్న ఆలోచన. అలాంటి విడతలు 6 చేస్తే 36 వారాలు, వారానికి 5 రోజుల చొప్పున 180 రోజుల చదువు పూర్తవుతుంది. సెలవు వారాలు పోగా ఏడాదిలో ఇంకా 10 వారాలు మిగులుతాయి. వరంగల్ ప్రయాణం, క్రిస్మస్ అందులో పట్టేస్తాయి. ఈ పద్ధతికి మారాక మా పిల్లల చదువు ఏమీ తగ్గలేదు, ఎదురుగా కూర్చుని చెప్తే చిన్న తరగతుల పాఠాలు మధ్యాహ్నం లోపే అయిపోతాయి. అయితే ఆ 7వ వారాన్ని ఇల్లు సర్దడానికి కేటాయించకండి. అది మనుషుల వారం. ఎవరినైనా భోజనానికి పిలవండి, లేదా పిలిచిన వాళ్లింటికి వెళ్లండి.

మీ అమ్మగారికి కూడా పని ఇవ్వండి. ఇక్కడ వేసవి రాత్రి 8 అయితే అక్కడ ఉదయం ఆరున్నర. వారంలో రెండు రోజులు ఆమె వీడియోలో పిల్లలకు బైబిలు కథ తెలుగులో చెప్పాలి. ఆ అరగంట మీరు గది తలుపు వేసుకొని ఒంటరిగా ఉండండి. ఈ ఒంటరితనం వేరు, ఇది మీరు కోరుకున్నది. శనివారం చదువు మీ ఆయనది. ఆఫీసు అలసట అంటారు, వినకండి, నేను విని కొన్నేళ్లు పోగొట్టుకున్నాను.

కో-ఆప్‌లు చాలా వరకు ఆగస్టు, జనవరి నెలల్లో కొత్త కుటుంబాలను చేర్చుకుంటాయి. మీ దగ్గరి చర్చిలో అడిగితే ఎవరితో మాట్లాడాలో చెప్తారు. చేరేముందు ఒక రోజు పిల్లలతో వెళ్లి కూర్చోండి, అక్కడి తల్లులు భోజనం వేళ ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారో చూడండి. సిలబస్ ఆ తర్వాత అడగవచ్చు.