తాత కల్లు తీయడు, గీస్తాడు

హనుమకొండ

తమ్ముడూ,

నీ కథ చదివాను. తాత పోయాక ఆయన మోకును, అంటే తాటిచెట్టెక్కే తాడును, అటక మీద దాచుకోవాలా, పక్కింటాయనకు ఇచ్చెయ్యాలా అని ఇంట్లో జరిగే గొడవ చాలా బాగా వచ్చింది. అది నువ్వు కళ్లారా చూసి రాసింది. అందులో అక్షరం కూడా కదపొద్దు. నా బాధంతా మొదటి నాలుగు పేజీల గురించే.

అక్కడ తాత చెట్టు నుంచి కల్లు 'లాగుతాడు'. నానమ్మ బావిలోంచి నీళ్లు 'లాగుతుంది'. కరీంనగర్‌లో పెద్దనాన్న వెండి తీగ 'లాగుతాడు'. నాన్న బ్యాంకులోంచి డబ్బు 'లాగుతాడు'. ఇంగ్లీషులో వీటిలో చాలావాటికి డ్రా అనే ఒక్క మాట సరిపోతుంది. బొమ్మ గీసినా అదే, నీళ్లు చేదినా అదే. కత్తి దూసినా, పరదా జరిపినా, జీతం తీసుకున్నా, ఊపిరి పీల్చినా, ఆట ఎటూ తేలకపోయినా మళ్లీ అదే. పక్కనున్న మాటను బట్టి అర్థం మారిపోతుంటుంది, ఆ భాషకు అది అందం. నీ చదువంతా ఇంగ్లీషులో సాగింది కాబట్టి నీ వాక్యం ముందు అక్కడ పుట్టి, తర్వాత తెలుగులోకి వస్తోంది. మన దగ్గర ఈ పనుల్లో దేని మాట దానికుంది.

యాస సరిగ్గా వచ్చిందో లేదో అని టెన్షన్ పడుతున్నానని రాశావు. మాటల్లో 'పోయిండు', 'వచ్చిండ్రు', 'గట్లనే' అన్నీ శ్రద్ధగా పెట్టావు. పెట్టాలి కూడా. కానీ మన వరంగల్ వైపు భాష క్రియల కొసల్లో ఉన్నదానికంటే పనుల మాటల్లో ఎక్కువ ఉంది. 'లాగాడు'ను 'లాగిండు' అని మార్చినంత మాత్రాన ఆ తాత మన ఊరి తాత అయిపోడు.

కల్లు సంగతే తీసుకుందాం. తాత మోకు, ముస్తాదు (నడుముకు కట్టుకునే గీత సరంజామా) కట్టుకుని తాటిచెట్టు ఎక్కుతాడు. గెల కొసను కత్తితో పల్చగా, పొర లేచినట్టుగా గీస్తాడు. గీసిన చోటు ఆరిపోతే ఊట ఆగిపోతుంది, అందుకే పొద్దునొకసారి, సాయంత్రమొకసారి కొత్తగా గీయాలి. లోతుగా గీస్తే గెల తొందరగా అయిపోతుంది. పల్చగా గీయడంలోనే పనితనమంతా. తర్వాత లొట్టి, అంటే కల్లు కుండ, కడతాడు. చెట్టు 'పారుతది' అంటారు, మంచిగ పారే చెట్టు, పారని చెట్టు అని. నిండిన లొట్టిని దించుతాడు. చెట్టు కింద కూర్చున్నవాళ్లు తాటాకు రేకును దొప్పలా పడితే అందులోకి వంపుతాడు. ఎక్కడం, గీయడం, కట్టడం, దించడం, వంపడం. 'కల్లు లాగాడు' అన్న రెండు మాటల్లో వీటిలో ఒక్కటీ లేదు. ఆ పని చేసేవాళ్లను గీత కార్మికులు అనే అంటాం, వాళ్ల సంఘాల బోర్డుల మీదా అదే ఉంటుంది. అది కత్తి వాదరతో గీసే గీత. నీ కథలో మనవడు డ్రాయింగ్ నోటుబుక్కు పట్టుకుని తాటివనంలో కూర్చునే చోటు ఉంది కదా. వాడు కింద చెట్టును గీస్తుంటే తాత పైన చెట్టు గీస్తున్నాడని రాయి. అంతే రాసి ముందుకు వెళ్లు, విడమరిచి చెప్పకు. చదివేవాళ్లకు అందుతుంది.

పెద్దనాన్న దగ్గర 'లాగడం' తప్పు కాదు కానీ చాలదు. కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి, అంటే సన్నటి వెండి తీగ అల్లికకు, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన సంగతి రాశావు, మంచిదే. అయితే ఆ ఒక్క వాక్యం పేపర్లోంచి కత్తిరించి అతికించినట్టుంది. దానికి బదులు పెద్దనాన్న చేతిలో కమ్మచ్చు పెట్టు. కమ్మచ్చు అంటే వరసగా బెజ్జాలున్న ఉక్కు పలక. ఒక బెజ్జం కంటే పక్క బెజ్జం చిన్నది. వెండిని కరిగించి కడ్డీ పోస్తారు, దాన్ని సుత్తితో కొట్టి సన్నం చేస్తారు, కొసను ఇంకా సన్నగా చేసి బెజ్జంలోకి దూర్చి, అవతల వైపు నుంచి పట్టకారుతో పట్టి లాగుతారు. ఆ తర్వాత దానికంటే చిన్న బెజ్జం, ఆ తర్వాత ఇంకా చిన్నది. తొందరపడి మధ్యలో బెజ్జాలు వదిలేస్తే తీగ పుటుక్కున తెగుతుంది. లాగిన కొద్దీ తీగ బిరుసెక్కుతుంది కాబట్టి నడుమ నడుమ కాల్చి మెత్తబరచుకోవాలి. వెంట్రుకంత సన్నబడ్డాక రెండు తీగల్ని కలిపి పేని, నొక్కి చదును చేస్తారు. అప్పుడు దాని అంచుకు సన్నటి పళ్లు వచ్చినట్టుంటుంది. ఫిలిగ్రీ పళ్లెంలో కనపడే ఆ మెరుపు సగం ఆ అంచులదే. ఆకులు, పూలు, తీగచుట్లుగా వంచి చట్రంలో నింపి, టంకం పెట్టి అతుకుతారు. నీ కథలో పెద్దనాన్న తమ్ముడితో మాట్లాడేది ఈ పని చేస్తూనే కదా. తీగ ఏ బెజ్జంలో ఉండగా ఆయన భూమి పంపకం మాట ఎత్తాడు? అది తెలిస్తే ఆ సంభాషణలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ గొంతు పెంచాలో నీకే తెలుస్తుంది.

మిగతావి త్వరగా చెబుతాను. నానమ్మ నీళ్లు చేదుతుంది. గిరక, బొక్కెన, చేంతాడు కథలోకి వాటంతటవే వస్తాయి. ఎడ్లు కట్టి తోడితే అది మోట కొట్టడం. వాకిట్లో ముగ్గు వేస్తారు. కొత్త ఇంటికి కొలతలు పట్టి సున్నంతో గీసేదాన్నీ ముగ్గనే అంటారు గానీ దాన్ని పోస్తారు, 'ఇల్లుకు ముగ్గు పోసిండ్రు' అని. పత్తి చేన్లో నిలువుగా, అడ్డంగా అచ్చు తోలి, గీతలు కలిసిన చోట గింజ పెడతారు. నన్నడిగితే మన జిల్లాలో గీసే అన్ని బొమ్మల్లోకీ పెద్దది అదే, ఎకరాలకు ఎకరాలు. నీ కథలో చేను ఊరికే 'పచ్చగా' ఉంది. జూన్‌లో, వానకు ముందు, ఆ గడులతో దాన్ని ఒక్కసారి చూపించు.

బొమ్మల దగ్గర ఇంకొక మాట. మీ వాడకు పటం కథ, అంటే బొమ్మల పటం చూపిస్తూ చెప్పే కథ, వచ్చిన సన్నివేశంలో 'చిత్రపటాన్ని లాగి చూపించారు' అన్నావు. చేర్యాల పటం చాప చుట్టలా చుట్టి ఉంటుంది. కథ నడిచే కొద్దీ ఒక్కొక్క గడి విప్పుతూ పోతారు, అయిపోయిన గడిని చుట్టేస్తారు. చేర్యాల 2016 వరకు మన వరంగల్ జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు సిద్దిపేట కిందికి పోయింది. అక్కడి నకాషీలు, అంటే ఈ పటాలు వేసేవాళ్లు, ఖద్దరు గుడ్డకు గంజి, సుద్ద, చింతగింజల అంబలి, బంక కలిపి పూసి, ఆరాక దాని మీద కుంచె పెడతారు. బొమ్మల వెనక నేపథ్యమంతా ఎరుపు. పద్మశాలీలకు కూనపులి వాళ్లు మార్కండేయ పురాణం చెప్పినట్టు, గౌడులకు గౌడ పురాణం చెప్పడానికి గౌడజెట్టీలు ఇలాంటి పటంతోనే వస్తారు. నీ కథ గీత కార్మికుడి ఇల్లు కాబట్టి ఆ రాత్రి వచ్చింది ఎవరో స్పష్టంగా రాయి. అలాగే నానమ్మ ఆ పటాన్ని చూసి 'ఎంత మంచిగ రాసిండు' అంటుంది. అక్కడ 'గీసిండు' అని ఎవరు దిద్దినా ఒప్పుకోకు. పాత తెలుగులో అక్షరాలకూ బొమ్మలకూ వ్రాయడం అనే మాటే వాడేవారు. గోడల మీద, షాపుల మీద పేర్లు వేసే ఆర్టిస్టును ఇప్పటికీ 'బోర్డులు రాస్తడు' అంటాం.

ఇదంతా విని ఇంగ్లీషు మాటలన్నీ ఏరి పారేయకు. జీతం డ్రా చేస్తారు, ఇళ్లకు లక్కీ డ్రా తీస్తారు, మ్యాచ్ డ్రా అవుతుంది, బడిలో డ్రాయింగ్ సారు ఉంటాడు. బిల్లు పాసు కాలేదంటే టీచర్లు డీడీవో (డ్రాయింగ్ అండ్ డిస్బర్సింగ్ ఆఫీసర్) చుట్టూ తిరుగుతారు, అందులో మొదటి డీ డ్రాయింగే అని ఎవరూ ఆలోచించరు. అవి మన మాటలైపోయాయి. నీ కథలో నాన్న బ్యాంకుకు పోవడం కంటే చిట్టీ ఎత్తుకోవడం సహజమని నాకనిపిస్తుంది. వరంగల్‌లో పెళ్లికనో, ఇంటికనో చిట్టీ ఎత్తే కుటుంబాలు చాలా ఉన్నాయి. పైగా నెలనెలా కట్టాల్సిన కిస్తు కథలో తరువాత నీకు పనికొస్తుంది.

అన్ని మాటలూ ఒకే పేజీలో కుమ్మరించొద్దు. చూసేవాళ్లు ఎవరన్నది ముఖ్యం. పట్నం నుంచి వచ్చిన కోడలి కళ్లతో చెబుతున్నప్పుడు 'కల్లు తీశాడు' అనే రాయి, ఆమెకు అంతే తెలుసు. అదే పేజీలో తాత నోట 'గీసిన' అని వస్తే ఇద్దరి మధ్య దూరం కనపడుతుంది.

మాటలు తెచ్చుకోవడానికి పనివాళ్ల దగ్గరికి వెళ్లినప్పుడు 'దీన్నేమంటరు?' అని అడగకు. చదువుకున్న పిల్లగాడు అడుగుతున్నాడని మర్యాద కోసం పుస్తకం మాటో, ఇంగ్లీషు మాటో చెబుతారు. 'ఏం చేస్తున్నవే పెద్దయ్యా?' అని అడుగు. పని ఆపకుండా జవాబిస్తారు, అందులో నీక్కావలసిన మాట ఉంటుంది. ఫోన్‌లో రికార్డు చేస్తే కొందరు బిగుసుకుపోతారు, విని బయటికొచ్చి రాసుకో.

ముందు మొదటి నాలుగు పేజీలు తిరగరాయి. బావి దగ్గర సన్నివేశం కొంచెం తగ్గించి, ఆ జాగా కమ్మచ్చుకు ఇవ్వు. మోకు గొడవ జోలికి మాత్రం పోకు. దసరాకు మీ ఊరు వచ్చినప్పుడు హనుమకొండలో దిగి, ప్రింటు తీసుకుని ఇంటికి రా. కూర్చుని ఇద్దరం పైకి చదువుదాం.

నీ అన్న